బల్లమీద బనాతు, బనాతుమీద గీత

ఆట అనగానే పెద్దలకు కాలహరణంగాను, పిన్నలకు కాలక్షేపంగాను తోచడం లోకసహజం. ఈ రెండు అభిప్రాయాల నడుమ మా కళాశాల విశ్రాంతి గదిలో ఒక పాత బల్ల నిలిచి ఉన్నది. నాలుగడుగుల చదరం. కాళ్లు గట్టివి; పైచెక్క మాత్రం అక్కడక్కడ లేచిపోయినది. దానిపై మెత్తని ఉన్నిగుడ్డ పరచి, ఆ గుడ్డ నడుమ కళాశాల చిహ్నాన్ని రంగులలో వేయించి, విద్యార్థుల ఆటలకు వినియోగించాలని ఈ సంవత్సరం ఒక ప్రతిపాదన వచ్చినది. మేమందరం చప్పట్లతో ఆమోదించాము. చిహ్నం ఎంత పెద్దదిగా ఉండవలెనన్న విషయంపై వాదం జరిగినదే గాని, అసలు చిహ్నం ఉండవలెనా అని అడిగినవారు లేరు. ఆ ప్రశ్నను ఇప్పుడు మేమే అడుగుతున్నాము. చప్పట్లు కొట్టిన చేతులతోనే ఈ వ్యాసం వ్రాస్తున్నామని పాఠకులు గమనింతురు గాక.

మా అభిప్రాయం ఇది: ఆటబల్లపై పరచిన గుడ్డమీద వేయవలసినది ఆటకు కావలసిన గీత, మన పేరు కాదు.

ముందుగా గుడ్డ సంగతి చెప్పుకొనవలెను. ఈ విషయంలో మాలో చాలామందికి ఉన్న భ్రమ ఒకటి తొలగినది. ఆటబల్లలపై పరచే పచ్చని గుడ్డనంతటినీ ఒకే పేరుతో పిలుస్తుంటాము. నిజానికి రెండు జాతులున్నవి. మొదటిది బనాతు. ఇది మగ్గంపై నేసిన ఉన్నిగుడ్డ. నేసిన తరువాత నూగు లేపి, సమంగా కత్తిరించి, నున్నగా చేస్తారు. బిలియర్డ్స్ బల్లలపై ఉండేది ఈ జాతి గుడ్డయే. రెండవది నమదా. దీనిలో పడుగూ లేదు, పేకా లేదు. ఉన్నిని పరచి, తడిపి, వేడి తగిలించి, నలిపి, అదిమితే, ఉన్నిపోగుల మీది సన్నని పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని విడదీయరాని ముద్దయై గుడ్డగా మారును. కాశ్మీరు నమదాలు లోకప్రసిద్ధములు. ఇప్పుడు బజారులో చవకగా దొరికేది పాలియెస్టరుతో చేసిన నమదా. పిల్లల చేతిపనుల దుకాణాలలో ముక్కలుగా అమ్మేది అదే.

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల నుండి వచ్చే మాకు ఉన్ని అంటే మొదట జ్ఞప్తికి వచ్చేది గొంగడి. దక్కనీ గొర్రెల నల్లని ఉన్నితో నేసి, చింతగింజల గంజి పట్టించి, వానకూ చలికీ భుజాన వేసుకొనే ఆ గొంగడినే బల్లపై పరవరాదా అని ఒక మిత్రుడు అడిగినాడు. ఆలోచన ముచ్చటైనదే. కాని గొంగడి ముఖం గరుకు. దానిపై పేకముక్క జారదు, పావు నిలవదు. కురుమల చేతిపనిపై గౌరవం చూపడానికి దానిపై మోచేతులు ఆనించనక్కరలేదని ఆ ప్రస్తావన అంతటితో విడిచాము.

ఇక గీత సంగతి. ఆటగుడ్డపై గీత అలంకారం కాదు, శాసనం. బిలియర్డ్స్ బల్లనే చూడండి. స్నూకర్ మన దేశంలోనే పుట్టిన ఆట. 1875లో జబల్పూరులో నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి దానికి రూపమిచ్చినట్లు చెబుతారు; 1882లో ఊటీ క్లబ్బులో దాని నిబంధనలు వ్రాసి గోడకు తగిలించారు. ఆ పెద్ద బల్ల యొక్క పచ్చని మైదానంపై ఉండే గీతలు అతిస్వల్పం. ఒక కొస అంచునుండి 29 అంగుళాల దూరంలో అడ్డంగా ఒక గీత. ఆ గీతపై పదకొండున్నర అంగుళాల వ్యాసార్ధంతో ఒక అర్ధవృత్తం. బంతులు నిలిపే చోట కొన్ని చుక్కలు. అంతే. తెల్లబంతి చేతికి వచ్చినప్పుడు ఆ అర్ధవృత్తంలోనే పెట్టవలెను. గీత దాటిపెడితే తప్పు. ఐరోపాలో ఆరుబయట పచ్చికపై ఆడిన ఆట ఇంటిలోనికి వచ్చినప్పుడు, పచ్చికకు బదులుగా పచ్చని గుడ్డ వచ్చినది. ఆ పచ్చని గుడ్డపై ఒక పులిబొమ్మనో తామరపువ్వునో వేసినచో బంతిపై నిలువవలసిన కన్ను బొమ్మపైకి పోవును. అంతేకాదు, రంగు పూసినచోట నూగు గట్టిపడి బంతి నడక మారును.

మన దేశపు పచ్చీసు ఇంకొక మెట్టు పైకి పోయినది. అక్కడ గుడ్డయే బల్ల. ప్లస్ గుర్తు ఆకారంలో కుట్టిన గుడ్డ, నాలుగు చేతులు, ఒక్కొక్క చేతిలో మూడు వరుసలు, వరుసకు ఎనిమిది గడులు, అన్నీ కలిపి 96, నడుమ ఒక పెద్ద చదరం. అక్కడక్కడ గుర్తు కుట్టిన గడులున్నవి. ఆ గడిలో నిలిచిన కాయను చంపరాదు. ఆరు గవ్వల ఆటలో పెద్ద పందెం ఇరవై అయిదు. ఆ సంఖ్యకు ఉర్దూలో ఉన్న పేరే ఆటకు పేరైనది. దర్జీ సూదితో కుట్టిన ఆ గుర్తులే ఆటలో న్యాయాధిపతులు. ఆట ముగిసిన తరువాత కాయలూ గవ్వలూ గుడ్డలోనే చుట్టి అటకపై పెట్టవచ్చును. అక్బరు పాదుషా ఫతేపూర్ సిక్రీ ప్రాంగణంలో రాతినేలపైననే పరచిన పచ్చీసు చదరాన్ని నేటికీ యాత్రికులు చూస్తున్నారు. ఆ ఆటనే తేలిక చేసి, గవ్వకు బదులు పాచిక పెట్టి, 1896లో ఇంగ్లండులో పేటెంటు పొంది, లూడో అన్న పేరుతో మనకే తిరిగి అమ్మారు. దీనికి కోపగించుకొనడమా, నవ్వడమా మాకు తేలలేదు.

కనుక గుడ్డపై ఏమి గీస్తామో ఆ ఆటయే ఆడబడును. ఏమీ గీయకపోతే ఏమగును? ఇక్కడనే కమిటీ పెద్దల భయం మొదలగుచున్నది. ఏ గీతా లేని పచ్చగుడ్డ పరచిన బల్ల పేకాట బల్ల. దాని చుట్టూ నలుగురు కూర్చుంటే దారిన పోయేవారు ఏమనుకొందురో మేము వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతిపాదన వినగానే ఒక పెద్దమనిషి, "బాబూ, మీరు ఆడేది ఏదైనా కానివ్వండి, చూడడానికి క్లబ్బు వలె ఉండరాదు" అన్నారు. అప్పుడు మాకు కొంచెం కష్టం కలిగినది. ఆలోచించిన కొలదీ ఆ మాటలో న్యాయం కనిపించినది.

ఈ భయానికి మన ప్రాంతంలోనే చరిత్ర ఉన్నది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవారిని పోలీసులు పట్టుకొనగా, నైజాము కాలపు జూద నిషేధ చట్టం క్రింద నడిచిన ఆ అభియోగం సుప్రీం కోర్టు వరకు పోయినది. 1967లో ఆ న్యాయస్థానం, రమ్మీలో ముక్కలు గుర్తుంచుకొనవలెను, పట్టవలెను, విడువవలెను గనుక అది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆటయేనని, మూడు ముక్కల ఆట వంటిది కాదని తీర్పు చెప్పినది. అయితే ఆట నుండి క్లబ్బు లాభం తీస్తే అది నేరం కావచ్చునని కూడా అన్నది. ఆ తరువాత అర్ధశతాబ్దం గడిచేసరికి బల్లయే అదృశ్యమైపోయి అరచేతిలోని ఫోనులోనికి దూరినది. 2017లో తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి జూద నిరోధక చట్టాన్ని సవరించి, ఫోనులోనూ కంప్యూటరులోనూ పందెమొడ్డి ఆడే ఆటలను, నేర్పు ఆటలనే సాకును కూడా తొలగించి, నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు ఒడ్డే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసినది.

చట్టాలు వచ్చినవి. కాని మధ్యాహ్నం తరగతులు ముగిసి, మేడ్చల్ వైపు పోయే బస్సుకూ శామీర్‌పేట వైపు పోయే బస్సుకూ ఎదురుచూచే ఆ గంటన్నర సేపు మా తోటివారు ఏమి చేస్తున్నారు? వేపచెట్టు క్రింద పదిమంది కూర్చొని పది ఫోనులలోనికి తలలు వంచుకొని ఉందురు. పక్కవాడు ఏమి ఆడుతున్నాడో, ఎంత పోగొట్టుకొన్నాడో తెలియదు. గత సంవత్సరం పరీక్ష రుసుము కట్టలేక ఇంటికి పోయిన ఒక సహాధ్యాయి పేరు మేమిక్కడ వ్రాయము. రుసుము ఇంటినుండి రాలేదని మొదట అనుకొన్నాము. వచ్చినదట. అది ఫోనులో పోయినదట. క్లబ్బు వలె కనబడుతుందన్న భయంతో ఈ బల్లను తీసివేసినచో ఆ గంటన్నర తిరిగి ఫోనుకే పోవును. అందుచేత పెద్దల భయాన్ని గౌరవిస్తూనే, బల్ల ఉండవలెనని కోరుతున్నాము. ఎదురెదురుగా కూర్చున్నవాడి ముఖం కనబడే ఆటలో దాచడం కొంచెం కష్టం.

అయితే ఏ గీత గీయవలెను? మొదట మా మనస్సు పచ్చీసుపైననే ఉండినది. ఎర్రని నమదాపై పసుపు గడులు, నలుపు గుర్తులు; చూడముచ్చటగా ఉండేది. కాని గవ్వ విసిరే ఆటయందు, పాచిక వేసే ఆటయందు ఇష్టంలేని కుటుంబాలు మాలో ఉన్నవి. ధర్మదృష్టితో వద్దనే ముస్లిం ఇండ్లున్నవి. సభాపర్వం విని పెరిగి పాచిక అనగానే ముఖం చిట్లించే హిందూ అవ్వలున్నారు. ఇరువురూ వేర్వేరు మార్గాల వచ్చి ఒకే చోట కలిసినప్పుడు, మైనారిటీ కళాశాలలో మేము ఎవరిని ఒప్పించబోవుదుము? పచ్చీసును వదలుకొన్నాము. వదలుకొనడం ఇష్టంలేకనే వదలుకొన్నామని కూడా చెప్పవలెను.

మిగిలినవి అదృష్టంతో పనిలేని ఆటలు. పులి-మేక ఉన్నది: 23 చుక్కలు, మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకను తినును; మేకలు కూడబలుక్కొని పులిని కదలనీయకుండా కట్టివేయును. దీని గీతలు ఊళ్లలో రచ్చబండ రాళ్లపై, గుడి మండపాల నేలపై చెక్కి ఉండడం మనలో అనేకులు చూచినదే. ఆ రాతిని తెచ్చి బల్లపై పెట్టలేము గాని ఆ గీతను తేగలము. దాడి ఆట ఉన్నది: ఒకదానిలో ఒకటిగా మూడు చదరాలు, నడుమలు కలిపే గీతలు, 24 చుక్కలు, చెరి తొమ్మిది కాయలు. శతరంజ్ చెప్పనే అక్కరలేదు. శతరంజ్ అంత నిర్దోషి కాదని, ఆటలో మునిగి రాజ్యం పోయినా లేవని లక్నో నవాబుల కథను ప్రేమ్‌చంద్ 1924లో వ్రాసినాడని, సత్యజిత్ రాయ్ 1977లో సినిమాగా తీసినాడని మా ఉర్దూ విభాగం మిత్రుడొకడు హెచ్చరించినాడు. బస్సు వచ్చినప్పుడు లేస్తామని అతనికి మాట ఇచ్చాము.

ఇప్పుడు చిహ్నం సంగతి. మా వాదనలో కఠినమైన భాగం ఇదే. చిహ్నంలో అక్షరాలున్నవి, ఆదర్శవాక్యం ఉన్నది. ఆటబల్లపై ఏముండును? మోచేతులు, టీ గ్లాసులు, మరమరాల పొట్లం, ఓడినవాడి పిడికిలి. కాగితం ముక్క కాలికి తగిలితే తెలుగు ఇంటిలో తీసి కళ్లకద్దుకొందురు, అది చదువుల తల్లి అని. ఉర్దూ ఇంటిలో వ్రాసిన కాగితాన్ని నేలపై పడనీయక ఎత్తైన గూటిలో పెట్టుదురు. ఇంతగా అక్షరాన్ని మన్నించే రెండు సంప్రదాయాలవారం కలిసి, అక్షరాలను బల్లపై పరచి వాటిపై టీ ఒలకపోయుదుమా? చిహ్నాన్ని గోడకు ఎత్తున తగిలించండి. అందరం తలయెత్తి చూతుము.

మరొక చిక్కు కూడా ఉన్నది. ఇది కాగితంపై నమూనా చూచినంతసేపు మాకు తోచలేదు. గోడపై బొమ్మకు పైభాగం ఉన్నది, క్రిందిభాగం ఉన్నది. బల్లపై బొమ్మకు లేదు. నలుగురు నాలుగు వైపుల కూర్చుంటే చిహ్నం ఒక్కనికే నిటారుగా కనిపించును, ఎదుటివానికి తలక్రిందులు, పక్కవారికి పడుకొన్నట్లుండును. ఉర్దూ పేరు కుడినుండి ఎడమకు, తెలుగు పేరు ఎడమనుండి కుడికి వ్రాసి, రెండింటికీ సమానస్థానం ఇచ్చామని సంతోషించిన నమూనాలో, బల్లకు అవతలివైపు కూర్చున్నవానికి రెండు భాషలూ సమానంగా తలక్రిందులైనవి! పులి-మేక గీతలో అక్షరం లేదు. శతరంజ్ గడికి భాష లేదు. ఏ వైపు నుండి చూచినా పులి పులియే. రెండు భాషల కళాశాలకు ఇంతకంటె తగిన చిత్రం మాకు కనిపించలేదు.

చిహ్నం వేయించే ప్రయత్నం ఒకసారి జరిగినదని కూడా ఒప్పుకొనవలెను. వార్షికోత్సవానికి ముందు తొందరపడి, పట్నంలోని ఒక దుకాణంలో చిహ్నాన్ని సన్నని ప్లాస్టిక్ పొరపై అచ్చు వేయించి, వేడి ఇస్త్రీపెట్టెతో ఒక నమదా ముక్కపై అతికించుకొని వచ్చాము. ఉత్సవం నాటికి నవనవలాడినది. ఏప్రిల్ ఎండలకు అంచులు లేచినవి. లేచిన అంచును గోటితో గీకకుండా ఉండగల విద్యార్థి ఇంకా పుట్టలేదు. పొర ఊడినచోట ఇస్త్రీ వేడికి గుడ్డ చదునై మెరుస్తూ, మానిన పుండు వలె మచ్చ మిగిలినది. దుకాణదారును నిందించము, ఏ గుడ్డకు ఏ పద్ధతి నప్పునో మేమే విచారించలేదు. రంగును ఆవిరిగా మార్చి గుడ్డలోనికి ఎక్కించే పద్ధతి పాలియెస్టరుకు నప్పును గాని ఉన్నికి నప్పదు. చిక్కని రంగును అచ్చుతో అద్దితే గట్టి పొర కట్టును. దారంతో ఒత్తుగా కుట్టితే గుడ్డ ముడుచుకొని, కాయ నిలువవలసినచోట గుంట పడును.

అయినచో మార్గమేమి? నమదాకున్న గొప్ప గుణం ఒకటి ఇక్కడ ఉపయోగపడును. నేత లేదు గనుక కత్తిరించిన అంచునుండి పోగులు ఊడవు. కనుక గుడ్డపై గుడ్డ అతికించనక్కరలేదు; శతరంజ్ గడులకు నల్లని, తెల్లని నమదా ముక్కలను రెండేసి అంగుళాల చదరాలుగా కోసి, పక్కపక్కన ఇమిడ్చి, అంతా ఒకే మట్టంగా పొదగవచ్చును. బీదరు పనివారు నల్లని లోహంలో వెండిని పొదిగినట్లే ఇది. చేతితో తడిమితే ఎత్తుపల్లాలు తగలరాదు. పులి-మేక, దాడి గీతలకు సన్నని పట్టీలను ఆ విధంగానే ఇమడ్చవలెను. గడికి రెండంగుళాలు గనుక శతరంజ్ పదహారంగుళాలు పట్టును; అది నడుమ. ఇరువైపులా మిగిలిన పదహారేసి అంగుళాలలో ఒక పక్క పులి-మేక, ఒక పక్క దాడి. ఒకేసారి ఆరుగురు ఆడవచ్చును.

గీతను గుడ్డపైకి దించడానికి మన జర్దోజీ పనివారి ఖాకా పద్ధతి ఉన్నది. కాగితంపై బొమ్మ గీసి, గీత వెంట సూదితో సన్నని రంధ్రాలు పొడిచి, గుడ్డపై పరచి, పొడి కలిపిన కిరసనాయిలు గుడ్డతో రుద్దుదురు. మాకు కిరసనాయిలు వద్దు. పొడి సున్నం చాలును. ఒక్క జాగ్రత్త: గుడ్డను లాగి బల్లకు బిగించిన తరువాత కొలిచిన చదరం, బిగించక ముందు కొలిచిన చదరం ఒకటి కావు. ముందుగా గీసి తరువాత లాగితే చదరం వంకరపోవును. కనుక మగ్గం పని చేసేవారి వలె చట్రానికి బిగించి, బల్లపై ఉండే బిగువులోనే కోసి పొదగవలెను. ముగ్గు చుక్కలు పెట్టడంలో ఆరితేరిన విద్యార్థినులు కొలతల పని తాము చూచుకొందుమన్నారు. ఇంటిలో మగ్గం పని జరిగే ఇద్దరు విద్యార్థులు చట్రం తెత్తుమన్నారు. పత్తర్‌గట్టి నుండి మంచి ఉన్ని నమదా తెచ్చే ఖర్చు మాత్రం కమిటీవారు భరించవలెను. చిహ్నం అచ్చుకు కేటాయించిన సొమ్ము ఇంకా ఖర్చు కాలేదని కార్యాలయంలో విన్నాము.

పేకముక్కలు ఈ బల్లపై రాకుండా చూచే బాధ్యత మాది. గీతల మధ్య ముక్కలు పరచడానికి చోటు కూడా మిగలదు.

కమిటీవారు వేసవి సెలవులకు ముందే నిర్ణయం తెలుపవలసినదిగా ప్రార్థిస్తున్నాము. ప్రస్తుతం ఆ పాత చెక్కపైననే ముగ్గుపిండితో పులి-మేక గీసి ఆడుతున్నారు. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు పదిహేను చింతగింజలు. ఫ్యాను తిరిగితే గీతలు ఎగిరిపోతున్నవి గనుక, ఈ ఎండలలో ఫ్యాను ఆపుకొని, చెమటలు తుడుచుకొంటూ ఆడుతున్నారు.